ఉడుముకు మట్టి ఏరిన ముచ్చట

చాయ్ చల్లారకముందే మొదలుపెడత, వినుర్రి. నేను ఖతర్ల ఒక ఉడుము చేతుల ఓడిపోయిన. ఉత్త ఓడిపోవుడు గాదు, ఒంటి మీది బట్టలు సుత పోయినయి. ఏయ్, అప్పుడే నవ్వకుర్రి! ఇంక అసలు ముచ్చటకే రాలేదు.

ఇది ఫుట్‌బాల్ కప్పు జరగకముందు సంగతి. మీల కొందరు గప్పటికి ఈ దేశం మొఖమే చూడలేదు. ఆ రోజులు ఎట్లుండెనంటె, పొద్దున పోయిన తొవ్వ మాపటికి ఉండకపోవు. ఎటు చూసినా క్రేన్లు, ఎటు చూసినా డైవర్షన్ బోర్డులు. ఇండస్ట్రియల్ ఏరియాల మా క్యాంపు ముంగట పొద్దుగాల బస్సులు వరుసగ నిలబడేటియి. ఒకటి స్టేడియం కాడికి, ఒకటి మెట్రో కాడికి, మాది చెట్ల కాడికి. అవును, నాది గార్డెనింగ్ కంపెనీ. రోడ్ల పొంటి గడ్డి పెంచుడు, ఖర్జూర చెట్లు నిలబెట్టుడు మా డ్యూటీ. మనోళ్ళంత కాంక్రీటు పోస్తుంటె నేనొక్కన్ని ఎడారికి పచ్చరంగు ఏస్తున్న అని ఇంటికి ఫోన్ జేసి గొప్పలు కొట్టేటోన్ని. పేరు సుత భూమన్న. ఇగ మట్టి గురించి నాకు జెప్పేటోడు ఎవడున్నడు?

వారానికి రెండు పొద్దులు నన్ను అల్ వుకైర్ల ఒక విల్లాకు తోలేటోళ్ళు. ఆ ఇంటి పెద్దాయనను అందరం ‘బాబా’ అనేది. ఖతరీ ఆయన, అరవై దాటినయి, సర్కారు నౌకరి జేసి రిటైరయిండు. తాటిచెట్టు లెక్క పొడుగు. మెడకాన్నుంచి మడిమల దాక తెల్లటి తోబు. మాతోని హిందీల మాట్లాడేటోడు, నడుమ నడుమ అరబ్బీ కలిపి. ఆ ఇంట్ల వంట జేసేది సత్యవతక్క, కోనసీమ మనిషి. నన్ను ‘తమ్ముడూ’ అని పిలిచి, ఎవరు చూడకుంట పెరుగన్నం పెట్టేది. ఆమె చేతి ఆవకాయ తినబట్టే ఆ ఎండల పని జేసిన అనుకోర్రి.

ఒకనాడు గోడ మీద కాగితంపూల చెట్టు కత్తిరిస్తున్న. లోపటికెళ్ళి బాబా కేక.

“బూమన్! తాల్, తాల్!”

రమ్మంటుండు. షూస్ తుడుసుకొని పోయిన. ఇంటెనుక ఒక గది. ఆ గదిల గోడంత పొడుగు చెక్క పెట్టె, ముందట అద్దం, పైన వేడి బల్బు. కింద చెక్క పొట్టు. ఆ పొట్టు మీద ఎవరు పండుకున్నరనుకుంటున్నరు? ఉడుము! అచ్చం మన ఉడుమే. గని తలకాయ జెర పెద్దది, ఒళ్ళంత మచ్చలు. ఆఫ్రికాదట. బాబా దోస్తు ఒకాయన దేశం ఇడిసి పోతూ దీన్ని బాబా చేతుల పెట్టి పోయిండు. పేరు మర్జానా. అరబ్బీల పగడం అని అర్థమట. ఉడుముకు పగడం అని పేరు! మా ఊర్లయితే ఆడపిల్లకు సుత గంత మంచి పేరు పెట్టలేదు.

బాబా మొఖం సిన్నబోయి ఉన్నది. “డాక్టర్ వచ్చి చూసి పోయిండు. కడుపుల గుడ్లున్నయి. ఇది భూమిల లోతుగ బొక్క తవ్వుకొని అండ్ల పెడతది. ఈ పొట్టుల బొక్క నిలబడది. నిజమైన మట్టి కావాలె, రెండడుగుల లోతు. మట్టి నచ్చకుంటె గుడ్లు పెట్టదు, లోపట్నే బిగపట్టుకుంటది. గట్ల బిగపట్టుకుంటె...” అని చెయ్యి గాలిల బోర్లించిండు.

“ఏ మట్టి ఎయ్యాలె బూమన్? నీకు ఎర్కేనా?”

గప్పుడు నేను ఏమనాలె? ‘డాక్టర్‌ను అడుగుదాం బాబా’ అనాలె. నేనేమన్న? ఛాతి ఇరుసుకొని, “బాబా, మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు! మా ఊర్ల ఉడుములు మా ఇంటి సుట్టాల లెక్క. నాకు ఇడిశిపెట్టుర్రి” అన్న.

తలుపు కాడ నిలబడ్డ సత్యవతక్క మెల్లగ అన్నది: “తమ్ముడూ, నిజంగా తెలుసా? లేకపోతే మొన్న మైక్రోవేవ్ బాగుచేస్తానన్నావే, అలాగేనా?”

“అక్కా, మైక్రోవేవ్ వేరు, ఉడుము వేరు!”

మొదాలు నేను ఏం లెక్క జేసిన్నంటె, ఎండల బతికే జంతువు, ఎడారి ఇసుక ఏస్తె సరిపాయె. మా రూమ్‌ల ఒకడు టిప్పర్ నడిపేటోడు. వాడు ఇసుక దిబ్బల కాన్నుంచి సంచులు నింపుకొచ్చిండు. అబ్బ, ఏం ఇసుక! జల్లెడ పట్టినట్టు, పచ్చగ బంగారం లెక్క. పెట్టె నిండ పోసి, చెయ్యితోని సదును జేసి, నడుమ ఒక రాయి పెట్టిన. బాబా ఫోన్ దీసి ఫోటో కొట్టిండు. నేను పక్కకు నిలబడి జుట్టు దువ్వుకున్న, ఫోటోల పడ్డ.

మర్జానా దిగింది. నాలిక చాపి వాసన చూసింది. తవ్వుడు మొదలుపెట్టింది. అవి కాళ్ళు గావు, నాలుగు పారలు! అది తవ్వుడు, ఇసుక జారుడు. అది తవ్వుడు, ఇసుక జారుడు. పిండిల గుంత చేసినట్టే. అయిన పట్టు ఇడువలేదు పాపం. తలకాయ లోపటికి పెట్టింది, నడుం దాక పోయింది, ఒక్కసారి పైనున్న ఇసుకంత భస్సుమని దాని మీద కూలింది. తోక ఒక్కటే బైట.

“బూమన్! మర్ గయా! యల్లా, యల్లా!” బాబా గొంతు పగిలిపోయింది.

నేను తలుపు దీసి, ఎన్కా ముందు చూడకుంట తోక పట్టి గుంజిన. వచ్చింది. వచ్చినది వచ్చినట్టే మర్లవడి నా కుడిచెయ్యి అంగీని గప్పున పట్టింది.

ఉడుం పట్టు, ఉడుం పట్టు అని మనం ఊకె మాట్ల వాడుతం. ఎవడన్న అనుభవించిండా? నేను అనుభవించిన! మెల్లగ గుంజిన, ఇడువలే. ఊదిన, ఇడువలే. బతిలాడిన, అరబ్బీల, హిందీల, తెలుగుల. కండ్లు మూసుకొని నిమ్మళంగ పట్టుకొని ఉన్నది.

సత్యవతక్క ఉరికొచ్చింది. “అయ్య బాబోయ్! తమ్ముడూ, కరిచేసిందా? పసుపు తేనా?”

“నన్ను కరవలేదక్కా, అంగీని కరిసింది!”

“అయితే ఆ చొక్కా ఇప్పేసి వచ్చెయ్!”

“ఇది చొక్కా గాదక్కా, కంపెనీ కవరాల్! అంగీ, ప్యాంటు ఒక్కటే బట్ట! అంగీ ఇప్పితె అన్నీ ఇప్పినట్టే!”

అక్క “అయ్యో రామ!” అని మొఖానికి చున్నీ అడ్డం పెట్టుకొని వంటింట్లకు ఉరికింది. అక్కడికెళ్ళి నవ్వు ఇనవడుతనే ఉన్నది, గిన్నెలు కింద పడ్డట్టు.

ఇగ ఏం జేస్త? జిప్పు తీసిన, పాము కుబుసం ఇడిసినట్టు బైటికొచ్చిన. మర్జానా నా కవరాల్‌ను నోట్ల పట్టుకొని మూలకు పోయి దాని మీద పండుకున్నది. బాబా నవ్వు ఆపుకుంట లోపటికి పోయి తన తోబు ఒకటి తెచ్చిచ్చిండు. ఆయన ఎత్తెంత, నా ఎత్తెంత! రెండు చేతుల పైకెత్తి పట్టుకుంటె తప్ప అడుగు పడుతలేదు. మొఖం కడుక్కుందామని తోటల నల్ల కాడికి వచ్చిన. సరిగ్గ గప్పుడే గేటు ముందట కంపెనీ పికప్ ఆగింది. మా సూపర్‌వైజర్! మలయాళీ ఆయన, పనిల శాన కడక్.

నేను ఎన్కకు తిరిగి ఉన్న. తెల్లటి తోబు చూసి ఆయన దూరంకెళ్ళే చెయ్యి ఛాతి మీద పెట్టుకొని, “అస్సలాము అలైకుం! మా మనిషి పని మంచిగ చేస్తున్నడా?” అని మర్యాదగ అడిగిండు.

నా జీవితంల ఆయన నాతోని గంత మంచిగ మాట్లాడుడు అదే మొదలు. చెడగొట్ట బుద్ధిగాలే. గొంతు మందంగ జేసి, “జేన్, జేన్. బహుత్ అచ్ఛా ఆద్మీ” అన్న.

మెల్లగ తల తిప్పి చూస్తె, సార్ కండ్లు కింద ఉన్నయి. తోబు కింద నా కంపెనీ సేఫ్టీ షూస్.

“భూమన్నా?”

“సార్.”

ఆ పొద్దు బాబా బైటికొచ్చి జరిగిందంత చెప్పబట్టి నౌకరి బతికింది. సార్ పోతూ పోతూ ఒక్కమాట అన్నడు: “ఇసుకల తవ్వితె కూలుతది, నీకు తెల్వదా? చెట్టు పెట్టేటోనివి నువ్వు.” సిగ్గుతోని చచ్చిన.

గంత సిగ్గు వచ్చినోడు ఊకుంటడా? ఊకోలే. మా కంపెనీల ‘స్వీట్ సాయిల్’ అంటరు, ఉప్పు లేని మెత్తటి మట్టి, చెట్లకు ఏసేది. సార్‌ను అడిగిన, మిగిలిన సంచులు రెండు తీస్కపో అన్నడు. రెండు సరిపోవనిపించింది. గోడకు ఆనిచ్చి ఇంకొక సంచి ఉన్నది, పైన ఏం రాసిలేదు. చెయ్యి పెట్టి చూసిన, ఇసుక కలిసిన మట్టి లెక్క ఉన్నది. మిగిలిందే ఇది సుత అనుకొని ఎత్తుకొచ్చిన. పోసి, కలిపి, నీళ్ళు జల్లిన. బల్బు వేడికి ఆరిపోకుంట రోజూ పొద్దుమాపు జల్లుమని సత్యవతక్కకు చెప్పిన. పాపం ఆమె అద్దం ఇంత సందు దీసి, కండ్లు మూసుకొని, ‘గోవిందా గోవిందా’ అనుకుంట పైపు పట్టేది.

ఐదారు పొద్దులయింది, ఆ నడుమ నాకు విల్లా డ్యూటీ పడలే. స్టేడియం ముందటి రోడ్డు పక్కన పని జేస్తున్నం. సూపర్‌వైజర్ అరుస్తుండు. “గడ్డి గింజలు కలిపి పెట్టిన సంచి ఏది? గోడ కాడ పెట్టిన సంచి ఎవడు దీసిండు?” అందరం ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నం. నేను సుత అందరి లెక్కనే చూసిన. నాకు నిజంగ తట్టలే!

గప్పుడే ఫోన్ మోగింది. సత్యవతక్క.

“తమ్ముడూ, డ్యూటీలో ఉన్నావా? ఒక్కమాట. ఉడుం గదిలో నారు గానీ పోశావా?”

“నారేందక్కా?”

“పచ్చగా మొలిచింది నాయనా! మొన్న నూగుగా కనపడితే బూజనుకున్నాను. ఇవాళ వేలెడు లేచింది. మా కోనసీమలో కూడా ఇంత ఒత్తుగా రాదు. ఊడ్చెయ్యమంటావా, కోతకొచ్చే దాకా ఉంచమంటావా?”

గోడ కాడి సంచి గప్పుడు తట్టింది, సార్‌కు ఒప్పుకున్న. మాపటికి పోయి చూసిన. పెట్టె నిండ పచ్చటి గడ్డి, దువ్విన లెక్క. నడుమ మర్జానా, మ్యాచ్ ఎప్పుడు మొదలైతదో అన్నట్టు కూసోని ఉన్నది. నా ఎన్కనే వచ్చిన సూపర్‌వైజర్ అద్దానికి ముక్కు ఆనిచ్చి చూసిండు. ఆఖరికి, “రోడ్డు మీద నీతోని ఎన్నడు గిట్ల మొలిపియ్యలేకపోయిన” అన్నడు. పొద్దంత గడ్డితోని పని జేసేటోన్ని, గడ్డి గింజను గుర్తు పట్టలేదు!

నవ్వుర్రి, నవ్వుర్రి. గని ఆ పొద్దు నవ్వు రాలే. గడ్డి ఏర్లు అల్లుకపోయి మట్టి చాప లెక్క అయింది. మర్జానా గోర్లతోని గీకుతది, ఏర్లు తెగవు, ఇడిశిపెడతది. తిండి ముట్టుడు బందు జేసింది. తోక మొదలు కాడ ఎముకలు తేలినయి, కడుపు మాత్రం గట్టిగ ఉబ్బి ఉన్నది. డాక్టర్‌కు ఫోన్ జేస్తె, ఇంక రెండు మూడు పొద్దులు చూద్దం, తర్వాత కోసుడే, గంత బలహీనంల కోస్తె బతుకుడు కష్టం అన్నడు. బాబా నన్ను ఒక్కమాట అనలే. ‘మాలేష్’ అన్నడు, పోనీ తియ్యి అని. తిట్టినా బాగుండు.

నేను కూసోని ఆ గడ్డిని చేతులతోని పీకుతున్న. మునిగోర్లల్ల మట్టి ఇరికింది. ఎన్నేండ్లయిందో గోర్లల్ల మట్టి ఇరికి! కంపెనీల గ్లౌజులు లేకుండ ముట్టనియ్యరు. ఆ మట్టిని చూస్తుంటె ఎందుకో మా తాత యాదికొచ్చిండు.

నాకు ఏడెనిమిదేండ్లుంటయి. వానలు పడి ఎలిసినంక తాత ఎన్క చేనుకు పోయిన. ఒడ్డు కాడ ఉడుము తవ్వుతాంది. నేను రాయి ఎత్తిన. తాత నా చెయ్యి పట్టి కిందికి దించి, “ఆగు పోరగా, అది కడుపుతోని ఉన్నది” అన్నడు. ఇద్దరం కంప చాటుకు కూసోని చూసినం. అది పోయినంక తాత ఆ బొక్క కాడి మట్టి దీసి నా పిడికిల పెట్టిండు. “ఒత్తు. ముద్ద అయిందా? ఇగ బొటనేలుతోని ముట్టు.” ముట్టిన. ముద్ద రెండుగ పలిగింది. “గిది మట్టంటె. పట్టితె ముద్ద గావాలె, ముట్టితె పలగాలె. ఉత్త ఇసుకయితె నిలబడది, ఉత్త జిగటయితె ఊపిరాడది. మనకన్న ఉడుముకే ఎక్కువ ఎర్క.” ఆ ముచ్చట మొత్తంకే మర్సిపోయి, మా ఊర్ల ఉడుములు మా సుట్టాలు అని ఛాతి ఇరుసుకున్న నేను!

లేసి పోయి బాబాను అడిగిన. “బాబా, ఈ దేశంల ఇసుక గాదు, మట్టి ఎక్కడుంటది? నీళ్ళు ఇంకే మట్టి?”

బాబా జెరసేపు ఆలోచన జేసిండు. “రౌదా” అన్నడు. వానలు పడితె సుట్టుముట్టు నీళ్ళన్ని వచ్చి ఆగే పల్లం అట. ఏండ్ల సంది కొట్టుకొచ్చిన మెత్తటి మట్టి అండ్లనే ఉంటదట. “చిన్నప్పుడు చలికాలం మా నాయిన ఒంటెలను అక్కడికే తోలేటోడు. అక్కడ రేగుచెట్లు ఉండె.”

“రేగుచెట్లా! ఇక్కడ?”

“పండ్లు నేను జేబుల నింపుకునేటోన్ని” అని తోబు జేబుల చెయ్యి పెట్టి చూపిచ్చిండు.

తెల్లారి శుక్రవారం, నాకు డ్యూటీ లేదు. పొద్దుగాల్నే బాబా పికప్ దీసిండు. పావుగంట పోయినంక బండి నెమ్మదయింది. డైవర్షన్. ఇంకొకటి. ఇంకొకటి. “ఇక్కడ రౌండబౌట్ ఉండె... ఇక్కడ నా దోస్తు దుకాణం ఉండె...” అని బాబా గొణుక్కుంటుండు. ఆఖరికి బండి పక్కకు ఆపి స్టీరింగ్ మీద చేతులు పెట్టి కూసున్నడు. పుట్టిన ఊర్ల తప్పిపోయిండు పెద్దమనిషి!

“బాబా, ముందుకు పోయి లెఫ్ట్ కొట్టుర్రి. ఆ ఖర్జూర చెట్లు కనవడుతున్నయా? అవి నేను పెట్టినయే. అవి అయిపోయినంక యూటర్న్, తర్వాత పాత రోడ్డు దొరుకుతది.”

బాబా నన్ను చూసి నవ్విండు. “నా దేశంల నాకు నువ్వు తొవ్వ చెప్తున్నవ్ బూమన్.”

“మా ఊర్ల నాకు మా చిన్నపోరడు చెప్తడు బాబా. పోయినసారి లీవుకు పోతె మా గల్లీ నేను గుర్తు పట్టలే.”

ఇద్దరం నవ్వుకున్నం. బాబా మల్ల బండి కదిలిచ్చిండు.

రౌదా దొరికింది, గని సగమే. మిగిలిన సగంల రోడ్డు పని నడుస్తున్నది. పైపుల కోసం తవ్విన మట్టి కుప్పలు కుప్పలు. అవతల రెండు రేగుచెట్లు దుమ్ము కొట్టుకొని నిలబడ్డయి. బాబా వాటి దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఫోర్‌మన్‌ను పోయి అడిగితె, “ఎట్లయిన బైట పారబోసేదే, తీస్కపోర్రి” అన్నడు. ఉడుముకు అని చెప్పలే. చెప్తె నమ్మడని.

కుప్ప మీద సీసల నీళ్ళు జెరన్ని పోసిన. అబ్బ! ఆ వాసన! తొలకరి వాన పడ్డప్పుడు మా ఊర్ల లేసే వాసన, ఈ దేశంల, ఒక సీస నీళ్ళకు! పిడికిల పట్టి ఒత్తిన. ముద్దయింది. బొటనేలు పెట్టేలోపు పక్కకెళ్ళి బాబా చెయ్యి చాపి తన బొటనేలు పెట్టిండు. పలిగింది.

“మా నాయిన గిట్లనే చూసేటోడు” అన్నడు.

నేను మా తాత సంగతి చెప్దామనుకున్న. చెప్పకుంట ఇంకొక ముద్ద ఒత్తి ఆయన చేతుల పెట్టిన.

మాపటికి పెట్టె నింపినం. రెండు పాళ్ళు ఆ మట్టి, ఒక పాలు ఇసుక, పైన పైన నీళ్ళు. గింజలున్నయేమోనని గుప్పెడు గుప్పెడు ఏరిన, మీ మీద ఒట్టు! మర్జానాను దించినం. నాలిక చాపింది. ఇటు నడిచింది, అటు నడిచింది. మూలకు పోయి తవ్వుడు పట్టింది. ముగ్గురం ఊపిరి బిగవట్టినం. బొక్క కూలలే. తలకాయ పోయింది, నడుం పోయింది, తోక సుత పోయింది. లోపట్నుంచి మట్టి బైటికి ఎగురుతాంది గని కూలుతలేదు!

మూడొద్దులు కనవడలే. సార్‌ను కాళ్ళా ఏళ్ళా పడి, ఆ మూడొద్దులు నా డ్యూటీ విల్లాలనే ఏయించుకున్న. పని చేసుడు, అద్దం కాడికి పోవుడు. బాబా ఒక కుర్చీల కావా, గదే అరబ్బు కాఫీ, తాగుకుంట, నేను కింద మోకాళ్ళ మీద. సత్యవతక్క చూసి, “పురిటి గది ముందు మగాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారిద్దరూ. వేడినీళ్ళు కాయమంటారా?” అని ఎక్కిరిచ్చింది. గని ఆమె సుత గడియకొకసారి తొంగి చూసి పోతనే ఉన్నది.

మూడో పొద్దు పగటి అన్నం యాళ్ళకు బొక్కలకెళ్ళి ముక్కు బైటికొచ్చింది. ముక్కు నిండ మట్టి. కడుపు లోపటికి పోయి, తోలు సంచి లెక్క ఏలాడుతాంది. బాబా అల్‌హమ్దులిల్లా అని రెండు చేతులు మొఖానికి పెట్టుకున్నడు. సత్యవతక్క సంతోషంల ఉరికిపోయి ఉడకబెట్టిన కోడిగుడ్డు తెచ్చి పెట్టింది.

“గుడ్లు పెట్టి వచ్చినదానికి గుడ్డు పెడతవా అక్కా?”

“నువ్వు నోర్ముయ్ తమ్ముడూ, బాలింత తింటోంది!”

తిన్నది, మొత్తం. మగది తోడు లేదు కాబట్టి ఆ గుడ్లల్లకెళ్ళి పిల్లలు రాలే. గని తల్లి బతికింది. మాకు గదే పండుగ.

ఆ ఊపుల క్యాంపుకు పోయి ఇంటికి ఫోన్ కొట్టిన. మా ఆమె గంగవ్వ ఎత్తింది. ఈమెకు ఎన్నిసార్లు చెప్పినా ఖతర్ అనదు, “దుబాయ్‌ల ఏం నడుస్తాంది?” అన్నది. మొదలుకెళ్ళి చెప్పిన. ఇసుక, కవరాల్, తోబు, గడ్డి, రౌదా, అన్నీ. కవరాల్ కాడ ఆమె నవ్వుడు ఇంటి పక్కోళ్ళకు సుత ఇనవడ్డది. “మూడొద్దులు దాని కాడనే కూసున్న. తల్లి క్షేమంగ బైటికొచ్చింది” అని గర్వంగ ముగిచ్చిన.

ఇగ మెచ్చుకుంటదని చూసిన.

“ఏందే, ఇంటున్నవా?”

“ఇంటున్న. మన పెద్దది పుట్టినప్పుడు లీవు దొరకలే అంటివి. చిన్నోడు పుట్టినప్పుడు టికెట్ దొరకలే అంటివి. ఉడుము కాన్పుకు మాత్రం మూడొద్దులు కాడనే కూసున్నవా?”

ఫోన్ జెర దూరం పట్టి, “హలో... హలో... గంగవ్వా, ఇనవడుతలేదు... ఇక్కడ సిగ్నల్ మంచిగ లేదు...” అన్న.

“సిగ్నల్ బరాబర్ ఉన్నది” అన్నది గంగవ్వ. “ఇది వీడియో కాలు. నీ దొంగ మొఖం సక్కగ కనవడుతాంది.”